ఎదురేటి తగవులు: ఒక కల్పిత లోకపు ప్రాజెక్టు డైరీ

మొదటి వారం: నదీ, నాలుగు తెగలూ

మూడేళ్లుగా అప్పుడప్పుడూ రాసుకుంటూ వస్తున్న ఒక కల్పిత లోకానికి గట్టి పునాది వేయాలని నిర్ణయించుకుని, ఆ పనిని వారం వారం ఈ డైరీలో నమోదు చేయడం మొదలుపెడుతున్నాను. ఆ లోకం పేరు ఎదురేరు లోయ. ఏడాదిలో ఎక్కువ కాలం ఉత్తరం నుంచి దక్షిణానికి పారే ఎదురేరు, ఆకాశంలోని ఇద్దరు చంద్రులూ ఒకరి వెనుక ఒకరు చేరే ఋతువులో 40 రోజులపాటు దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది. ఎగువ కొండల్లో తేనె, కలప మీద బతికే గట్టువారు, నడిమి మైదానంలో పశువులు మేపుకుంటూ జొన్న పండించే మంచెవారు, ఏటికి వెదురు అడ్డుకట్టలు వేసి చేపలు పట్టే మడుగువారు, సముద్రపు ఒడ్డున ఉప్పు పండించి పడవలు నడిపే రేవువారు అక్కడి నాలుగు తెగలు. రాజు లేడు, సైన్యం లేదు, చెరసాల లేదు, లిపి కూడా లేదు. మంచెవారు 4,600, రేవువారు 2,800, మడుగువారు 2,200, గట్టువారు 1,400, వెరసి 11,000 మంది అని లెక్క వేసుకున్నాను. ఒక తెగలో మనిషి చనిపోతే ఆ కబురు మిగిలిన మూడు తెగలకూ వారం తిరగకముందే చేరేంత చిన్న లోకం అది.

ఈ పనికి ఒక ప్రశ్న కారణం. ఇంతకుముందు నేను రాసిన కథల్లో తెగల మధ్య తగవు వచ్చినప్పుడల్లా ఒక వృద్ధుడు లేచి తీర్పు చెప్పేవాడు, ఇరుపక్షాలవారూ తలలు వంచి వెళ్లిపోయేవారు. వాటిని చదివిన మిత్రుడొకరు, "ఆ ముసలాయన మాట వాళ్లెందుకు విన్నారు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేకపోయింది. మన ఊళ్లలో ఒక తగాదాను పెద్దమనుషుల్లో పెట్టినప్పుడు, రచ్చబండ మీద కూర్చున్న ఆ నలుగురి వెనుకా భూమి ఉంటుంది, కులం ఉంటుంది, ఊళ్లో వారికి రావలసిన బాకీలుంటాయి, ఆ పైన పోలీసు స్టేషనూ కోర్టూ ఉంటాయి. నా లోయలోని ముసలాయన వెనుక ఏమీ లేదు. అందువల్ల ప్రాజెక్టు లక్ష్యాన్ని ఒక్క ప్రశ్నగా కాగితం మీద రాసి గోడకు అంటించుకున్నాను: బలవంతపెట్టేవాడు లేనప్పుడు రాజీ దేని మీద నిలబడుతుంది?

రెండవ వారం: తీర్పూ, అమలూ

రాజు లేకుండా చట్టంతో నడిచిన సమాజానికి చరిత్రలో బాగా తెలిసిన ఉదాహరణ ఐస్‌లాండ్ కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టాను. 930లో ఏర్పడిన ఆల్థింగ్ అనే మహాసభకు ఏటా వేసవిలో థింగ్‌వెట్లిర్ మైదానానికి ద్వీపం నలుమూలల నుంచీ జనం వచ్చేవారు. చట్టం ఇంకా రాతలోకి ఎక్కని కాలంలో, దాన్ని కంఠస్థం చేసిన చట్టవక్త ఏడాదికి మూడో వంతు చొప్పున మూడు వేసవుల్లో మొత్తం చట్టాన్ని సభ ముందు వల్లించేవాడు. న్యాయస్థానాలు ఉండేవి, వాదనలు జరిగేవి, తీర్పులు వెలువడేవి. కానీ ఆ తీర్పును అమలు జరిపే అధికారి మాత్రం ఒక్కడూ లేడు. గెలిచినవాడే తన బంధుబలంతోనో, తనకు అండగా నిలిచే నాయకుడి బలంతోనో దాన్ని అమలు చేసుకోవాలి. పూర్తి బహిష్కారం పడినవాణ్ని ఎవరు చంపినా తప్పు లేదన్నదే అక్కడి కఠినమైన శిక్ష.

ఈ పద్ధతిని లోయలో పెట్టి చూశాను. చూడడమంటే నిజంగానే పరీక్షించడం: నాలుగడుగుల అట్ట మీద నదిని గీసి, ఆవులకు చింతపిక్కలూ పడవలకు గవ్వలూ పెట్టి, ఆదివారం సాయంత్రాల్లో తమ్ముడు, వదిన, ఇద్దరు మిత్రులు తలా ఒక తెగ తరఫున కూర్చుని తగవును నడుపుతారు, నేను ఎవరి పక్షానా మాట్లాడకుండా రాసుకుంటూ ఉంటాను. మొదటి ఆదివారం గట్టువారికీ మంచెవారికీ మధ్య మేత బీడు తగాదా వచ్చింది. మూడుసార్లు ఆడితే మూడుసార్లూ తీర్పు గట్టువారికి అనుకూలంగానే వచ్చింది, మూడుసార్లూ బీడు మాత్రం మంచెవారి చేతిలోనే ఉండిపోయింది. 1,400 మంది 4,600 మంది చేత ఒక తీర్పును పాటింపజేయలేరు. ఐస్‌లాండులో బలహీనుడు తన దావాను బలవంతుడైన నాయకుడికి అప్పగించే వీలుండేది. నా లోయలో ఆ నాయకుడి స్థానం ఖాళీగా ఉంది. దాన్ని ఒక మనిషితో నింపితే వాడు పదేళ్లలో రాజవుతాడు కాబట్టి, మనిషితో కాక మరి దేనితోనైనా నింపాలి.

మూడవ వారం: తీసేసిన రాయి

ఈ వారం పని చాలావరకు తొలగింపులతోనే గడిచింది. పాత కథల్లో సాక్షిరాయి అని ఒకటి ఉండేది. అబద్ధం చెప్పినవాడి అరచేయి దాని మీద పెడితే రాయి వేడెక్కుతుంది. కల్పిత లోకం కాబట్టి మాయ ఉండవచ్చు, దానికి అభ్యంతరం లేదు. అయితే రెండు ఆదివారాల ఆటలో ఈ రాయి మొత్తం వ్యవస్థనే మింగేసింది. నిజం ఒక్క స్పర్శతో తేలిపోతే సాక్షులు అక్కర్లేదు, మధ్యవర్తి అక్కర్లేదు, మాట్లాడుకోవలసిన అవసరమే లేదు. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి బయటపడింది: తెగల మధ్య తగవుల్లో చాలావాటికి నిజం తెలియకపోవడం కారణమే కాదు. ఎవరు ఎవరిని కొట్టారో అందరికీ తెలుసు. తెలిసిన దానితో ఇప్పుడేం చేయాలన్నదే తగవు.

ఐరోపాలో మరిగే నీటిలో చేయి పెట్టించడం, కాలిన ఇనుము పట్టించడం వంటి దైవపరీక్షలు శతాబ్దాలపాటు సాగాయి. 1215లో లాటరన్ చర్చి మహాసభ మతాధికారులు వాటిలో పాల్గొనకూడదని నిషేధించాక అవి నిలవలేకపోయాయి. ఇంగ్లండులో ఆ ఖాళీలోకి జ్యూరీ విచారణ వచ్చి చేరింది. దైవం తప్పుకోగానే మనుషులు పన్నెండుమందిగా కూర్చుని ఒక మాటకు రావలసి వచ్చిందన్న ఈ మలుపు నాకు దారి చూపింది. నేను రాయిని పూర్తిగా పారవేయలేదు, దాని గుణం మార్చాను. ఇప్పుడు అది అబద్ధాన్ని పట్టుకోదు. దాని మీద చేయి వేసి ప్రమాణం చేసిన ప్రతివారి అరచేతి గుర్తూ అందులో చెరగకుండా నిలిచిపోతుంది, అంతే. మాట ఇచ్చిన సంగతి దాచలేరు. మాట నిలుపుకోవడం మాత్రం మనుషుల పని.

ఐదవ వారం: నెత్తుటి బాకీ

చంపినందుకు చంపడం కాకుండా పరిహారం చెల్లించడం అనే పద్ధతి ప్రపంచంలో ఎన్నో చోట్ల ఉంది. ఇంగ్లండులోని కెంట్ రాజ్యంలో సుమారు 600 ప్రాంతంలో ఏథెల్‌బెర్ట్ రాజు పేరిట వెలువడిన చట్టాలు శరీరంలోని ఒక్కో భాగానికి ఒక్కో వెల కట్టాయి: చేతి బొటనవేలు పోతే 20 షిల్లింగులు, దాని గోరు మాత్రమే పోతే 3. మనిషిని చంపితే మామూలు పరిహారం 100 షిల్లింగులు. అందులో 20 సమాధి పూడ్చకముందే ఇవ్వాలి, మొత్తం 40 రోజుల్లోపు చెల్లిపోవాలి. హంతకుడు దేశం విడిచి పారిపోతే అతడి బంధువులు సగం కట్టాలి. సోమాలీల సంప్రదాయంలో పురుషుణ్ని చంపితే 100 ఒంటెలు ఇవ్వాలన్నది వాడుక. ఆ ఒంటెలను హంతకుడు ఒక్కడే కాదు, అతడి బంధుకూటమి మొత్తం పంచుకుని చెల్లిస్తుంది, అవతలి వైపు పుచ్చుకునేది కూడా కూటమే.

ఇందులో నన్ను పట్టి నిలిపిన అంశం పంచుకోవడం. మన కోర్టు ఆలోచనలో తప్పు ఒకడిది, శిక్ష కూడా ఒకడిదే. ఇక్కడ చెల్లింపు వందమంది మీద పడుతుంది కాబట్టి, దుడుకుగా తిరిగే కుర్రవాణ్ని అదుపులో పెట్టవలసిన అవసరం ఆ వందమందికీ కలుగుతుంది. పోలీసు లేని చోట పోలీసు పని చేసేది ఈ అవసరమే. మరోవైపు ఇందులో ఒక అన్యాయం కూడా ఉంది: ఎవరి జోలికీ పోని ఇంటివారు కూడా తమ ఆవును తోలి ఇవ్వాలి. దాన్ని దాచకుండా కథల్లో చూపించాలని పక్కన రాసుకున్నాను.

లోయలో ప్రాణానికి 30 ఆవులు అని పెట్టాను. వాటిలో 6 శవాన్ని పూడ్చకముందే చేరాలి, మిగిలిన 24 తర్వాతి తిరుగునీటి కాలం, అంటే ఏరు వెనక్కి పారే ఆ 40 రోజులు, ముగిసేలోపు చేరాలి. ఆటలో వెంటనే చిక్కు వచ్చింది. మడుగువారికి పరిహారం కట్టవలసిన రేవువారికి ఆవులు లేవు, వారి దగ్గర ఉన్నది ఉప్పు. మొదట నేను ఇన్ని కుంచాల ఉప్పు ఒక ఆవుకు సమానమని పట్టిక తయారుచేయబోయాను. తయారుచేస్తుండగానే అది తప్పని తోచింది. ఆవులే ఇవ్వాలన్న నియమాన్ని అలాగే ఉంచితే, రేవువారు ఉప్పు పడవలతో మంచెవారి దగ్గరకు వెళ్లి ఆవులు కొనాలి. అంత ఉప్పు ఒక్కసారిగా ఉండదు కాబట్టి కొన్ని అప్పుగా తేవాలి. అప్పు ఇచ్చిన మరుక్షణం నుంచి మంచెవారికి ఆ రాజీలో వాటా వచ్చింది: రేవువారూ మడుగువారూ మళ్లీ కత్తులు దూసుకుంటే మంచెవారి బాకీ ఏట్లో కలిసిపోతుంది. రెండవ వారంలో ఖాళీగా కనిపించిన స్థానం ఇలా నిండింది. రాజీని కాపాడేది న్యాయమూర్తి కాదు, దానిలో డబ్బు చిక్కుకున్న మూడో తెగ.

ఆరవ వారం: నడిచి వెళ్లేవాడు

ఇరుపక్షాల మధ్య తిరిగే మనిషికి తగవరి అనే పాత తెలుగు మాటను తీసుకున్నాను. తగవరి తీర్పు చెప్పడు. ఒకరి మాటను మరొకరికి చేరవేస్తాడు, చేరవేసేటప్పుడు దాని పదును కొంచెం తగ్గిస్తాడు. ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ దీవి కొండల్లో వరిమడుల మెట్లు కట్టిన ఇఫుగావో ప్రజల న్యాయపద్ధతిని రాయ్ బార్టన్ అనే మానవశాస్త్రవేత్త 1919లో వివరించాడు. అక్కడ మొంకలున్ అనే మధ్యవర్తి రంగంలోకి దిగాక, తగవు తేలేవరకూ ఇరుపక్షాలూ ఒకరికొకరు ఎదురుపడకూడదు. ఈ నియమం పైకి చిన్నదిగా కనిపిస్తుంది. ఆటలో పెట్టాక దాని విలువ తెలిసింది: అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టినప్పుడు ప్రతివారూ తమ వెనుక ఉన్న తమ మనుషుల కోసం గొంతు పెంచి మాట్లాడారు, వేరు వేరు గదుల్లో కూర్చోబెట్టి తమ్ముణ్ని మధ్య తిప్పినప్పుడు అదే మనుషులు, తమవారు వినడం లేదు కాబట్టి, ఒక మెట్టు దిగి మాట్లాడగలిగారు.

దక్షిణ సూడాన్‌లోని నువేర్ ప్రజల మధ్య 1930లలో మానవశాస్త్రవేత్త ఇవాన్స్ ప్రిచర్డ్ చూసిన మధ్యవర్తి గురించి కూడా ఈ వారం నోట్సు రాసుకున్నాను. చిరుతపులి తోలు ధరించే ఆ పెద్దమనిషి ఇంట్లోకి హంతకుడు చేరితే అక్కడ అతణ్ని ఎవరూ తాకరు. 40 నుంచి 50 పశువుల పరిహారానికి ఇరువైపులా నచ్చజెప్పడం ఆ పెద్దమనిషి బాధ్యత. కానీ ఎవరినీ ఆజ్ఞాపించే అధికారం ఆయనకు లేదు. చనిపోయినవాడి బంధువులు మొదట ఒప్పుకోరు, ఒప్పుకుంటే పౌరుషం లేనివారవుతారు. ఆయన పట్టుబట్టి, శాపం పెడతానని కూడా బెదిరించిన తరువాత, ఆయన కోసమే ఒప్పుకుంటున్నామని ఒప్పుకుంటారు. లొంగిపోయామన్న అవమానం లేకుండా లొంగడానికి ఒక సాకు ఇవ్వడమే ఆ పెద్ద చేసే అసలు సేవ. ఈ వాక్యాన్ని కూడా గోడకు అంటించాను.

తగవరి ప్రాణానికి రక్షణ ఏమిటన్న ప్రశ్న దగ్గర నాకు పల్నాడు గుర్తుకు వచ్చింది. 12వ శతాబ్దపు ఆ కథలో కోడిపందెంలో ఓడిన మలిదేవుని పక్షం ఏడేళ్లు ఊరు విడిచి వెళ్లడం కూడా ఒక విధమైన తగవు పరిష్కారమే. గడువు తీరాక రాజ్యభాగం అడగడానికి రాయబారిగా వెళ్లిన అలరాజు విషప్రయోగానికి బలి కావడంతో కథ కారంపూడి యుద్ధానికి చేరింది. పందెం, గడువు, షరతు అన్నీ ఉన్నా, నడిచి వెళ్లే మనిషి తిరిగి రాలేకపోతే ఏదీ మిగలదు. అందుకే లోయలో ఒక కఠినమైన నియమం పెట్టాను: తగవరిని చంపిన తెగ పడవను ఏ రేవులోనూ కట్టనివ్వరు, వారి చేతికి ఉప్పు ఇవ్వరు, ఆ నిషేధం ఒక తరం గడిచేవరకూ ఎత్తివేయరు.

ఇక్కడే మరో నిర్ణయం కూడా నమోదు చేయాలి. మనకు దగ్గరలోనే, ఆదిలాబాద్ ప్రాంతపు గోండులలో రాయి సెంటర్లు అనే సంప్రదాయ పంచాయతీలు, వాటికి పెద్దలుగా సార్‌మేడీలు ఇప్పటికీ తమ సమాజపు తగవులను తీర్చుతున్నారు. 1996 నాటి పెసా చట్టం కూడా షెడ్యూల్డు ప్రాంతాల్లో సంప్రదాయ పద్ధతిలో తగవులు పరిష్కరించుకునే హక్కును గ్రామసభకు గుర్తించింది. అది సజీవమైన వ్యవస్థ. దాని ఆచారాలనూ పేర్లనూ తీసుకువచ్చి నా కల్పిత తెగలకు తొడగడం నాకు సమ్మతం కాదు. నువేర్లకైనా సోమాలీలకైనా ఇదే వర్తిస్తుంది. ఒక పద్ధతి ఎందుకు పనిచేస్తుందన్న కారణాన్ని నేర్చుకుంటాను. పూజ, వేషం, మంత్రం మాత్రం వారివి, వాటి జోలికి వెళ్లను.

ఎనిమిదవ వారం: వదిన ఒప్పుకోలేదు

ఇంతవరకూ జరిగిన వాటిలో ఈ ఆదివారమే ముఖ్యమైనది. తిరుగునీటి కాలంలో ఎగువకు వెళ్తున్న రేవువారి ఉప్పు పడవ మడుగువారి వెదురు అడ్డుకట్టను ఢీకొంది. గొడవలో చెలమయ్య అనే మడుగువారి కుర్రవాడు తెడ్డు దెబ్బకు చనిపోయాడు. వదిన చెలమయ్య తల్లిగా కూర్చుంది, తమ్ముడు తగవరి. నియమాలన్నీ సరిగ్గా నడిచాయి. ఆరు పిక్కలు మొదటే వచ్చాయి, మంచెవారు అప్పు ఇచ్చారు, 24 పిక్కలు వరుసగా పేర్చారు.

తమ్ముడు, "వదినా, ఇవి పుచ్చుకుంటే తగవు ఈ రోజుతో తీరిపోతుంది" అన్నాడు.

"మీ తగవు తీరుతుంది నాయనా. రేపు పొద్దున ఆ ఆవు వీధిలో ఎదురైతే, నా కొడుకు ఖరీదు నడిచి వస్తోందని అనుకోవాలా నేను?" అని వదిన పిక్కలను చేత్తో వెనక్కి నెట్టేసింది.

గది నిశ్శబ్దమైపోయింది. ఆట అక్కడితో ఆపాము. ఆమె అన్నది వాదన కాదు, దానికి లెక్కలతో జవాబు లేదు. ఆ రాత్రి నా నోట్సు మళ్లీ తిరగేస్తే, ఐదవ వారంలో నేను పరిహారాన్ని ధరగానే చూశానని అర్థమైంది. నువేర్లలో పరిహారంగా వచ్చిన పశువులతో చనిపోయినవాడి పేరిట ఒక వధువును తెచ్చి పెళ్లి జరిపించవచ్చు. ఆమెకు పుట్టే పిల్లలు అతడి సంతానమే అవుతారు, అతడి పేరు నిలబడుతుంది. పశువులు ప్రాణానికి వెల కావు, ఆగిపోయిన వంశాన్ని తిరిగి సాగించే సాధనం. ఉత్తర అమెరికాలోని హౌడెనొసౌనీ సమాఖ్యలోని ఐదు జాతులు (సుమారు 1722లో టస్కరోరాలు చేరి ఆరయ్యాయి) శోకం తీర్చే సంస్కారాన్ని తమ శాంతికి మూలంగా నిలుపుకున్నాయి: దుఃఖంలో ఉన్నవారి కళ్లలో నీరు తుడవడం, చెవులు తెరిపించడం, గొంతులో అడ్డు తీయడం. ఏ మాటైనా మాట్లాడడానికి ముందు, ఎదుటివారు చూడగలిగేలా, వినగలిగేలా, మాట్లాడగలిగేలా చేయాలన్నది అందులోని ఆలోచన. నా వ్యవస్థలో ఆ మెట్టే లేదు. ఆరు ఆవులతో మొదలుపెట్టి ఎవరినీ ఓదార్చకుండానే ముప్పైకి చేరాను.

రెండు వారాలు ఆలోచించి రాసిన మార్పు ఇది. ఆ 30 ఆవులను అమ్మకూడదు, కోయకూడదు, కట్నంగా ఇవ్వకూడదు. వాటిని చనిపోయినవాడి పేరుతోనే పిలుస్తారు. దానికి పేరుమంద అని పేరు పెట్టాను. మడుగువారికి బీడు లేదు కాబట్టి చెలమయ్య మంద మంచెవారి బీట్లో మేస్తుంది, మంచెవారి పిల్లలు ప్రతి ఉదయం "చెలమయ్య మంద వదలండి" అని అరుస్తారు, పాలు తల్లి ఇంటికి వెళ్తాయి. చంపిన తెగ నుంచి ఒక ఇంటివారు ఏటా తిరుగునీటి మొదటి రోజున వచ్చి ఆ మందను కడగాలి. చంపినవాడే రావాలని మొదట రాశాను, వదిన కొట్టివేయించింది: "వాడి ముఖం నేను చూడలేను. వాళ్ల అమ్మ వస్తే రానీ" అంది. ఆ వాక్యం యథాతథంగా నియమాల్లోకి ఎక్కింది.

తరువాతి ఆదివారం ఆమె పిక్కలు పుచ్చుకుంది.

పదకొండవ వారం: పురికొసల ముడులు

లిపి లేని లోకంలో రాజీ గుర్తుండడం ఎలా? ముడుల తాడు అని సులభంగా రాసేయవచ్చు, కానీ అది నిజంగా పనిచేస్తుందో లేదో చేసి చూడాలనిపించింది. మూడు గజాల గోనె పురికొసను తీసుకుని, చెలమయ్య తగవు మొత్తాన్ని ముడులుగా కట్టాను. ప్రాణానికి సంబంధించిన ముడులకు ఎరుపు, పశువులకు నలుపు, బీడుకూ నీటికీ పసుపు అని రంగులు నిర్ణయించుకున్నాను. లోయలో దొరికేవాటితోనే చేయాలి కాబట్టి పసుపులో సున్నం కలిపి ఎరుపూ, కరక్కాయ కషాయంలో తుప్పు పట్టిన మేకులు నానబెట్టి నలుపూ తయారుచేశాను. నాలుగు తెగలకూ నాలుగు గవ్వలు, ఒక్కోదానికి ఒక్కో తీరున రంధ్రం. కట్టడానికి రెండు సాయంత్రాలు పట్టింది, వేళ్లు పసుపెక్కాయి.

పద్దెనిమిది రోజుల తరువాత, ఆ ఆట ఆడని ఒక మిత్రుడికి ముడుల అర్థాలు చెప్పి తాడు చేతికిచ్చాను. అతడు తాడును చక్కగానే చదివాడు, కానీ పూర్తిగా వేరే కథ చదివాడు: మంచెవారి బీడు విషయంలో ఏదో తగవు వచ్చిందనీ, మనిషి చనిపోయినట్లు ఎక్కడా లేదనీ చెప్పాడు. చూస్తే ఎరుపు ముడులన్నీ పసుపైపోయి ఉన్నాయి. పసుపుకు ఎరుపు వచ్చేది సున్నపు క్షారం వల్ల; గాలి తగిలి ఆ క్షారం తగ్గేకొద్దీ అది మళ్లీ పసుపుగానే మారుతుంది. పారాణి ఎరుపు నాలుగు రోజులకు మించి నిలవదని చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నా, ఈ తాడు విషయంలో నాకు తట్టలేదు.

ఈ పొరపాటు ప్రాజెక్టుకు రెండు విధాలుగా మేలు చేసింది. మొదటిది నియమం: అర్థాన్ని రంగు మోయకూడదు, ముడి ఆకారమూ సంఖ్యా మాత్రమే మోయాలి. రెండవది ఒక కథ. తాతల నాటి ఒక తాడులో నెత్తుటి బాకీ ముడులు రంగు మారి బీడు ముడులుగా కనిపించడం వల్ల, గట్టువారికీ మంచెవారికీ మధ్య ఉన్న ఆ మేత బీడు తగాదా మూడు తరాలుగా సాగుతోంది. గట్టువారు తమకు భూమి రావాలంటున్నారు. వారికి నిజంగా రావలసినది ఒక పేరుమంద. రెండవ వారంలో ఎంత ఆడినా తేలని తగవుకు మూలం నాకు ఇక్కడ దొరికింది.

మరొకటి కూడా తేలింది. తాడు ఒక్కటే చాలదు, దాన్ని పలికే మనిషి కావాలి. ఒక్కడే ఉంటే వాడు తనవారి వైపు మొగ్గుతాడు కాబట్టి, ప్రతి తాడుకూ ఇరు తెగల నుంచీ చెరొకరు పలుకరులుగా ఉంటారు. ఏటా రాయి దగ్గర ఇద్దరూ కలిసి, ఒకరు ఒక ముడి, మరొకరు తరువాతి ముడి చొప్పున వల్లించాలి. ఎవరైనా తడబడితే పక్కవారు సరిదిద్దుతారు. శత్రువులుగా ఉన్న రెండు తెగలవారు ఒకే కథను ఒకే నోటితో చెప్పవలసి రావడం నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికంటే ఇష్టమైన భాగం.

పదమూడవ వారం: తిరుగునీరు

ఎదురు పారే 40 రోజుల్లో ఎవరూ ఆయుధం ఎత్తకూడదని మొదటి నుంచీ నియమం ఉంది, దానికి కారణం మాత్రం లేదు. పవిత్రకాలం అని ఊరుకుంటే మిత్రుడు మళ్లీ "ఎందుకు విన్నారు?" అని అడుగుతాడు. ఇస్లాముకు పూర్వపు అరేబియాలో ఏడాదిలో నాలుగు నెలలు యుద్ధం నిషిద్ధం. ఉకాజ్ వంటి పెద్ద సంతలు ఆ నెలల్లోనే జరిగేవి. నమ్మకమూ బేరమూ ఒకదాన్నొకటి మోసుకుంటూ వచ్చాయి. లోయలో కారణం నదిలోనే ఉంది: మామూలు రోజుల్లో ఎగువకు ఉప్పు చేర్చాలంటే నెల రోజులు గడ వేయాలి, తిరుగునీటిలో తొమ్మిది రోజులు తేలుతూ వెళ్లిపోవచ్చు. ఆ 40 రోజులూ పోరాడితే నాలుగు తెగలకూ ఏడాదంతా ఉప్పు లేని కూడే. పైగా ఆ కాలంలో ఎగువవారు దిగువవారవుతారు, దిగువవారు ఎగువవారవుతారు. పదకొండు నెలలు నీటిని ఆపగలిగినవాడు ఆ 40 రోజులూ ఎదుటివాడి దయ మీద ఉంటాడు. ఎగువన ఉన్నామన్న ధీమాతో ఎవరూ మాట తూలలేకపోవడానికి ఇంతకంటే పెద్ద మాయ అక్కర్లేదు.

తగవరిని ఎవరు ఎంపిక చేయాలన్నది కూడా ఈ వారమే కుదిరింది. హౌడెనొసౌనీలలో వంశపు పెద్ద స్త్రీలు నాయకులను నిలబెడతారు, తప్పు చేస్తే తొలగిస్తారు. కారణాన్ని నేర్చుకుంటే చాలనుకున్నాను కాబట్టి, లోయలో వేరే రూపం ఇచ్చాను: పేరుమంద పాలు తాగే ఇళ్లవారు, అంటే తగవుల్లో బిడ్డలను పోగొట్టుకున్నవారు, అన్ని తెగల నుంచీ కలిసి తగవరిని ఎంచుకుంటారు.

పద్నాలుగవ వారం

గట్టువారి పాత తాడును కొత్త నియమాలతో మళ్లీ కడుతున్నాను. ఇప్పటికి సగం అయింది. ఆదివారం నాడు అట్ట పరిచి పిక్కలు లెక్కపెడుతుంటే చెలమయ్య మందలో 34 ఉన్నాయి. ఎక్కువ ఎలా వచ్చాయని అడిగితే, "ఏడాది గడిచింది కదా, నాలుగు ఈనాయి" అని వదిన చెప్పింది. దూడలు ఎవరివో నేను ఎక్కడా రాయలేదు. ఈనిన ఆవులు తమ బీట్లో మేశాయి కాబట్టి రెండు దూడలు తమవేనని మంచెవారి తరఫున కూర్చున్న మిత్రుడు అంటున్నాడు, వదిన ఒప్పుకోవడం లేదు. తమ్ముడు చెప్పులు వేసుకుని ఒక గదిలోంచి మరో గదిలోకి నడవడం మొదలుపెట్టాడు.